రోడ్ల నిర్వహణ, రవాణా ప్రణాళిక: తరచుగా అడిగే ప్రశ్నలు

పరిమిత ఆదాయం ఉన్న దేశాల్లో రోడ్లను కాపాడుకోవడం గురించి, రవాణాను ముందుచూపుతో ఏర్పాటు చేసుకోవడం గురించి పదే పదే వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఇంజనీరింగు చదవనివారిని, ముఖ్యంగా స్థానిక సంస్థల సభ్యులను, పౌర సంఘాలవారిని, బడ్జెట్ కాగితాలు తిరగేసే పాత్రికేయులను దృష్టిలో పెట్టుకొని వీటిని రాశాము.

కొత్తగా వేసిన తారు రోడ్డు మూడు నాలుగేళ్లకే ఎందుకు గుంతలు పడుతుంది?

పెద్ద కారణాలు రెండే: నీరు, బరువు. నాసిరకం పని, చాలని మందం, సరిగా రోలర్ తిప్పని మట్టి వంటివన్నీ ఈ రెండింటికీ రోడ్డును తొందరగా లొంగదీసేవే. పైకి కనిపించే తారు పొరనే రోడ్డు అనుకుంటాము గాని, బరువులో ఎక్కువ భాగాన్ని మోసేవి దాని కింద ఉన్న కంకర పొరలు, వాటి అడుగున ఉన్న మట్టి. చాలా రోడ్ల మీద పలుచటి తారు పొర చేసే ముఖ్యమైన పని, నీటిని ఆ పొరల్లోకి దిగనీయకుండా ఆపడం.

ఏళ్ల తరబడి ఎండకు, గాలికి తారు జిగురు తగ్గి పెళుసుబారుతుంది. అప్పుడు వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. వాన కురిసినప్పుడు ఆ పగుళ్లలోంచి నీరు కంకరలోకి దిగుతుంది. లారీ చక్రం ఎక్కినప్పుడు లోపలి నీరు ఒత్తిడికి పైకి చిమ్ముతూ కంకర మధ్య ఉన్న సన్నని మట్టిని కూడా తోడుకొని వస్తుంది. వాన వెలిసిన మర్నాడు పగుళ్ల అంచుల వెంట మట్టిరంగు చారలు కనిపిస్తే, అడుగున బోలు ఏర్పడుతున్నదని గుర్తు. ఆ తరువాత పై పొర చిన్న చిన్న పలకలుగా విడిపోతుంది, ఒక పలక లేచిపోయిన చోట గుంత మొదలవుతుంది. పగులు కనిపించిన నాటికీ గుంత పడిన నాటికీ మధ్య సాధారణంగా చాలా నెలల వ్యవధి ఉంటుంది. అతి తక్కువ ఖర్చుతో పని అయిపోయే సమయం అదే, ఎవరికీ పట్టని సమయం కూడా అదే.

అయితే అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఏది?

నీటికి దారి చూపడం. తారు రోడ్డుకు నడిమధ్య నుంచి అంచులకు రెండున్నర శాతం దాకా, కంకర రోడ్డుకు నాలుగు నుంచి ఆరు శాతం దాకా వాలు ఉండాలి. ఆ వాలున జారిన నీరు పక్క కాలువలో పడాలి, కాలువలోంచి కల్వర్టు గుండా అవతలికి పోవాలి. ఈ గొలుసులో ఏ ఒక్కటి తెగినా మిగిలినవి ఉండి ప్రయోజనం లేదు. చాలా చోట్ల అంచున గడ్డీ మట్టీ పేరుకొని తారు కంటే ఎత్తుకు లేస్తాయి. అప్పుడు వాలు ఎంత బాగున్నా నీరు అంచునే నిలిచిపోతుంది, రోడ్డు పక్కల నుంచి విరిగిపోవడం మొదలవుతుంది. పారా, కొడవలి, కొందరు కూలీలు ఉంటే వానాకాలానికి ముందు పూర్తయ్యే పని ఇది. రిబ్బను కత్తిరించే అవకాశం ఇందులో లేదు కాబట్టి కాబోలు, దీనికి కేటాయింపులు మాత్రం ఎప్పుడూ అరకొరగానే ఉంటాయి.

వర్షాల తీరు మారుతున్నందున పాత కల్వర్టుల పరిమాణాన్ని కూడా తిరిగి లెక్క చూసుకోవాలి. దశాబ్దాల కిందటి వర్షపాతాన్ని బట్టి కట్టిన తూము ఈనాటి కుండపోతకు చాలకపోవచ్చు. అది చాలనప్పుడు నీరు రోడ్డు మీదుగా పొర్లి గట్టునే కోసేస్తుంది. ముంపు తప్పని చోట రోడ్డును ఎత్తు చేయడం కంటే, నీరు పొర్లినా తెగిపోని కాంక్రీటు లోలెవెల్ కాజ్‌వే కట్టుకోవడం ఎన్నోసార్లు చవకైన మార్గం. ఏడాదిలో కొన్ని గంటల పాటు రాకపోకలు ఆగినా, మర్నాడు రోడ్డు ఉన్నచోటే ఉంటుంది.

రోడ్డును పాడుచేసేది వాహనాల సంఖ్యా, వాటి బరువా?

బరువే, అందులోనూ ఒక్కొక్క ఇరుసు మీద పడే బరువు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా పట్టణం దగ్గర 1958 నుంచి 1960 వరకు పరీక్షా మార్గాల మీద లారీలను రాత్రింబగళ్లు తిప్పి జరిపిన ప్రయోగంలో, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుందని తేలింది. అంటే బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు అవుతుంది. పది టన్నులకు అనుమతి ఉన్న ఇరుసు మీద పన్నెండు టన్నులు మోపితే, అదనపు సరుకు ఐదో వంతే అయినా నష్టం రెట్టింపు దాటుతుంది. అర టన్ను మోసే కారు ఇరుసుతో పోలిస్తే, పది టన్నుల లారీ ఇరుసు ఒక్కసారి దాటడం 1,60,000 సార్లు దాటినట్టు. ఈ ఘాతం నేలను బట్టి, పొరల తీరును బట్టి కొంత మారుతుంది గాని, అసలు సంగతి మారదు.

ఈ లెక్క తెలిశాక ఓవర్‌లోడ్ లారీని చూసే చూపు మారుతుంది. దాని యజమానికి కిరాయి మిగులుతుంది, ఖర్చు మాత్రం రోడ్డు వాడే అందరి నెత్తినా పడుతుంది.

ఓవర్‌లోడ్‌ను ఆపడం ఆచరణలో సాధ్యమేనా?

దారి మధ్యలో లారీలను ఆపి తూచడం కంటే, సరుకు ఎక్కించే చోటనే పట్టుకోవడం మేలు. గనులు, క్వారీలు, సిమెంటు కర్మాగారాలు, రేవులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉంటాయి. అక్కడ వే బ్రిడ్జి పెట్టి, లారీ డ్రైవరుతో పాటు సరుకు ఎక్కించినవారినీ బాధ్యులను చేస్తే, రోడ్డు పక్క బేరసారాలకు చాలావరకు తావుండదు. నడుస్తున్న వాహనాన్నే తూచే యంత్రాలను దారిలో అమర్చి, అనుమానం వచ్చినవాటిని మాత్రమే పక్కకు తీయించే పద్ధతి కూడా పలు దేశాల్లో ఉంది. పక్కపక్క దేశాల్లో వేర్వేరు పరిమితులు ఉంటే నిబంధన నిలవదు. అందుకే ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీ 2013లో తన సభ్యదేశాలన్నిటికీ ఒకే వాహన భార నియంత్రణ చట్టం చేసి, మొత్తం బరువుకు 56 టన్నుల గరిష్ఠ పరిమితి పెట్టింది. జరిమానా విషయంలో ఒకటే సూత్రం: అదనపు సరుకు మీద వచ్చే లాభం కంటే అది ఎక్కువగా ఉండాలి, ఎక్కువైన సరుకును అక్కడికక్కడే దించాలి. జరిమానా కట్టి అదే బరువుతో ముందుకు సాగనిస్తే, అది రోడ్డును చెడగొట్టడానికి ఇచ్చిన రసీదే అవుతుంది.

నిర్వహణ అంటే గుంతలు పూడ్చడమేనా?

కాదు. ఏడాది పొడవునా జరిగేవి నిత్య నిర్వహణ పనులు: కాలువల పూడిక తీయడం, గడ్డి కోయడం, పగుళ్లు మూయడం, చిన్న గుంతలు పూడ్చడం, సైన్‌బోర్డులు సరిచేయడం. కొన్నేళ్లకు ఒకసారి జరిగేది నియతకాల నిర్వహణ. తారు రోడ్డుకు ఐదు నుంచి పదేళ్ల మధ్య పై పొరను తిరిగి వేయడం, కంకర రోడ్డుకు కొత్త కంకర పరచడం ఇందులోకి వస్తాయి. వరదలకు తెగినప్పుడు చేసేవి అత్యవసర పనులు. పునర్నిర్మాణం అంటే పొరలన్నీ తవ్వి మళ్లీ మొదటి నుంచి వేయడం కాబట్టి, దాన్ని నిర్వహణ పద్దులో కలపకూడదు. కలిపితే ఒకటి రెండు పెద్ద పనులకే ఏడాది నిధులన్నీ ఖర్చయి, మిగిలిన రోడ్లకు పారలు కొనే డబ్బు కూడా ఉండదు.

సకాలంలో చేయకపోతే ఎంత నష్టమని లెక్కలున్నాయా?

ఉన్నాయి. 85 వర్ధమాన దేశాలను పరిశీలించిన ప్రపంచ బ్యాంకు, 1988లో ప్రకటించిన అధ్యయనంలో, అంతకు ముందరి రెండు దశాబ్దాల నిర్లక్ష్యం వల్ల సుమారు 4,500 కోట్ల డాలర్ల విలువైన రోడ్లు పాడైపోయాయని, సకాలంలో 1,200 కోట్ల డాలర్ల లోపు ఖర్చు చేసి ఉంటే ఆ నష్టం తప్పేదని అంచనా వేసింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే. దక్షిణాఫ్రికా జాతీయ రహదారుల సంస్థ అంచనా ప్రకారం, మూడేళ్లు పట్టించుకోకపోతే మరమ్మతు ఖర్చు ఆరు రెట్లు, ఐదేళ్లు పట్టించుకోకపోతే 18 రెట్లు అవుతుంది.

ఇదంతా ప్రభుత్వ ఖజానా వైపు నుంచి చూసిన లెక్క. రోడ్డు వాడేవారి జేబుకు పడే చిల్లు ఇంకా పెద్దది. నిర్వహణలో ఒక డాలరు ఆపితే, టైర్లు, స్ప్రింగులు, ఇంధనం, వృథా సమయం రూపంలో ప్రజల మీద రెండు నుంచి మూడు డాలర్ల అదనపు భారం పడుతుందని ఆఫ్రికా దేశాల అనుభవం మీద వేసిన అంచనాలు చెబుతున్నాయి. ప్రభుత్వం పొదుపు చేశానని చెప్పుకొనే ఆ ఒక్క డాలరూ ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించని పన్నుగా మారి జనం మీద పడుతుంది.

డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు, అన్నిటికంటే పాడైన రోడ్డును ముందుగా బాగుచేయాలి కదా?

న్యాయంగా తోచే మాటే అయినా, చాలా దేశాల రోడ్లను ఎక్కువగా దెబ్బతీసిన ఆలోచన కూడా ఇదే. పూర్తిగా పాడైన రోడ్డు ఇంకో ఏడాది ఆగినా, దాన్ని తిరిగి వేసే ఖర్చు పెద్దగా పెరగదు, ఎందుకంటే అది అప్పటికే చివరి దశలో ఉంది. ఫర్వాలేదు అనే స్థితిలో ఉన్న రోడ్డు మాత్రం ఈ ఏడాది పై పొర పడకపోతే, ఒకటి రెండు వానాకాలాల్లో లోపలి పొరలు దెబ్బతిని పునర్నిర్మాణం దాకా వస్తుంది. ఒక కిలోమీటరు పునర్నిర్మాణానికి అయ్యే డబ్బుతో ఎన్నో కిలోమీటర్లకు పై పొర వేయవచ్చు. అందువల్ల డబ్బును ముందుగా బాగున్న రోడ్లను బాగుంచడానికి, తరువాత మధ్యస్థంగా ఉన్నవి జారిపోకుండా ఆపడానికి, మిగిలింది పాడైనవాటిని తిరిగి కట్టడానికి వాడాలి.

ఇది జనానికి చెప్పడం తేలిక కాదు. నడుములు విరిగే దారిలో రోజూ తిరిగేవారి ముందే, నునుపుగా కనిపిస్తున్న మరో రోడ్డు మీద తారు పోస్తుంటే వారికి కోపం రావడంలో తప్పులేదు. పాడైన రోడ్డును గాలికి వదిలేయమని ఈ పద్ధతి చెప్పడం లేదు. పునర్నిర్మాణం వంతు వచ్చేదాకా దాన్ని తక్కువ ఖర్చుతో నడవగలిగే స్థితిలో ఉంచాలి. అవసరమైతే చితికిన తారును చదును చేసి కంకర రోడ్డుగా మార్చుకోవాలి. గుంతలమయమైన తారు రోడ్డు కంటే, వేళకు గ్రేడర్ (నేలను చదును చేసే యంత్రం) తిప్పిన కంకర రోడ్డు మీద ప్రయాణం హాయిగా ఉంటుందని డ్రైవర్లకు తెలుసు. ఏ రోడ్డుకు ఏ ఏడాది వంతు వస్తుందో ముందే ప్రకటించి, ఆ వరుసను పలుకుబడి చూసి మార్చకుండా నిలబెట్టుకుంటే కొంత నమ్మకం ఏర్పడుతుంది. మా దృష్టిలో ఇంజనీరింగు కంటే కష్టమైన పని ఆ నిలబెట్టుకోవడమే.

నిర్వహణకు నిలకడగా నిధులు ఎలా వస్తాయి?

ఏటేటా బడ్జెట్‌లో వచ్చేదాన్ని నమ్ముకుంటే నిలకడ ఉండదు. లోటు వచ్చినప్పుడల్లా ముందుగా కోత పడేది నిర్వహణకే, ఎందుకంటే ఆ కోత ఫలితం కనిపించేసరికి ఒక ఎన్నిక గడిచిపోతుంది. దీనికి విరుగుడుగా అనేక దేశాలు ప్రత్యేక రోడ్డు నిధులను ఏర్పాటు చేసుకున్నాయి. కెన్యా 1993లో ఇంధనం మీద రోడ్డు నిర్వహణ సుంకాన్ని చట్టబద్ధం చేసింది. నమీబియా 2000లో పని మొదలుపెట్టిన రోడ్డు నిధి సంస్థ ద్వారా, ఇంధన సుంకంతో పాటు భారీ వాహనాల నుంచి వాటి బరువునూ తిరిగిన దూరాన్నీ బట్టి రుసుము వసూలు చేస్తున్నది.

నిధి పెట్టినంత మాత్రాన పని జరగదు. సుంకం సొమ్ము ఆర్థికశాఖ చేతుల మీదుగా తిరగకుండా నేరుగా నిధి ఖాతాలో పడాలి. నిధిని నడిపే మండలిలో రోడ్డు వాడేవారి ప్రతినిధులు ఉండాలి. నిధి ఇచ్చేవారు, పని చేయించేవారు ఒకరే కాకూడదు. ఏటా స్వతంత్ర ఆడిట్ జరిగి ఫలితాలు బయటపడాలి. ఈ షరతులు సడలిన చోట రోడ్డు నిధి ఇతర అవసరాలకు చేబదులు తీసుకునే ఖాతాగా మారిపోయింది. ధరలు పెరుగుతున్నా లీటరుకు ఇంతని పెట్టిన సుంకాన్ని ఏళ్ల తరబడి మార్చకపోవడం ఇంకో లోపం. అంకె అలాగే ఉంటుంది, దానితో కొనగలిగే కంకర తగ్గిపోతూ ఉంటుంది.

విద్యుత్ వాహనాలు పెరిగితే ఇంధన సుంకం తగ్గిపోదా?

తగ్గుతుంది. ఆ మార్పు ఒక్కరోజులో రాదు కాబట్టి, తిరిగిన దూరాన్ని, బరువును బట్టి వసూలు చేసే పద్ధతిని ముందు భారీ వాహనాలతో మొదలుపెట్టడానికి ఇదే అదను. నష్టంలో సింహభాగం వాటిదే కనుక ఇది న్యాయం కూడా.

కాంట్రాక్టరు చేత పని సరిగా చేయించడం ఎలా?

పాత పద్ధతిలో కాంట్రాక్టరుకు కొలతను బట్టి చెల్లిస్తారు. ఎన్ని ఘనపు మీటర్ల కంకర, ఎన్ని టన్నుల తారు అని మెజర్‌మెంట్ బుక్కులో రాసి బిల్లు పెడతారు. రోడ్డు ఎంత తరచుగా చెడిపోతే అంత పని దొరికే ఏర్పాటు అది. దానికి మారుగా, రోడ్డు ఎలా ఉండాలో ఒప్పందంలో రాసి, అలా ఉన్నంతకాలం నెలనెలా ఒక నికర మొత్తం చెల్లించే పద్ధతి వచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1988లో ఈ దారి పట్టింది. అర్జెంటీనా 1990లలో పునరుద్ధరణనూ, ఆ తరువాతి నిర్వహణనూ ఒకే ఐదేళ్ల ఒప్పందంలో కలిపింది. గుంత కనిపించిన ఇన్ని గంటల్లో పూడ్చాలి, కాలువలో పూడిక ఇంత లోతు మించకూడదు, గరుకుదనం ఇంత దాటకూడదు వంటి షరతులు ఉంటాయి. తప్పితే ఆ నెల చెల్లింపులో కోత పడుతుంది. భారతదేశంలో 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహించాలన్న షరతు పెట్టారు. తానే ఐదేళ్లు చూసుకోవాలని తెలిసినవారు మొదటి రోజే మందం తగ్గించడానికి ఒకసారి ఆలోచిస్తారు.

ఇక్కడ ప్రభుత్వం వైపు కూడా ఒక తప్పు జరుగుతూ ఉంటుంది. బిల్లులు నెలల తరబడి ఆగితే, మంచి కాంట్రాక్టర్లు టెండరు జోలికి రారు. వచ్చినవారు ఆ ఆలస్యానికి అయ్యే వడ్డీని ముందే రేటులో కలిపి వేస్తారు. వేళకు చెల్లించడం వల్ల రేట్లు తగ్గుతాయన్నది పొదుపు చర్యల జాబితాల్లో అరుదుగా కనిపించే పొదుపు.

ఒక గుంతను సరిగా పూడ్చడం అంటే ఏమిటి?

ముందు గుంత చుట్టూ గట్టి భాగం తగిలేదాకా అంచులను నిలువుగా, చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో కోయాలి. లోపలి వదులు రాళ్లు, బురద, తడి పూర్తిగా తీసేయాలి. అడుగు మెత్తబడి ఉంటే తవ్వి కంకరతో గట్టిపరచాలి. అడుగుకూ అంచులకూ పలుచగా తారు పూయాలి. మిశ్రమాన్ని ఒకేసారి కుమ్మరించకుండా పొరలుగా వేసి, ఒక్కొక్క పొరను అంచుల నుంచి మధ్యకు దిమ్మిస కొట్టాలి. చివరి పొర చుట్టుపక్కల తలానికి కొన్ని మిల్లీమీటర్లు పైకి ఉండాలి, వాహనాలు తిరిగాక అది సమానమవుతుంది. నీరు నిలిచిన గుంతలో పారతో మిశ్రమం వేసి, లారీ చక్రాలే తొక్కుతాయని వదిలేస్తే అది తరువాతి వానకే లేచిపోతుంది. పెద్దల పర్యటనకు ముందురోజు రాత్రి పడే ప్యాచ్‌లు సాధారణంగా ఈ రకానివే. ఒకే చోట మళ్లీ మళ్లీ గుంత పడుతుంటే పూడ్చడం ఆపి, నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకాలి.

గ్రామాల కంకర, మట్టి రోడ్ల సంగతి ఏమిటి?

అనేక వర్ధమాన దేశాల్లో రోడ్ల పొడవులో ఎక్కువ భాగం వీటిదే. రోజుకు వంద వాహనాలు తిరిగే కంకర రోడ్డు మీద, నేలనూ వర్షాన్నీ బట్టి ఏటా ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల కంకర దుమ్ముగానూ బురదగానూ పోతుంది. పదిహేను సెంటీమీటర్ల మందాన వేసినది తిరిగి వేయకపోతే కొన్నేళ్లకు మట్టే మిగులుతుంది. కాబట్టి కంకర రోడ్డు చవక అనే మాట, కంకర దగ్గరలో దొరికి, గ్రేడర్ వేళకు తిరిగినప్పుడే నిజం. కంకర దూరం నుంచి తేవలసిన చోట, రాకపోకలు తక్కువైనా పలుచటి తారు పొర వేయడమే కాలక్రమంలో లాభం కావచ్చు. నార్వేలో 1960లలో పుట్టిన ఒట్టా సీల్ అనే పద్ధతి, స్థానికంగా దొరికే నాణ్యత తక్కువ కంకరతోనే పనిచేస్తుంది గనుక బోత్స్వానా వంటి దేశాల్లో బాగా వాడుకలోకి వచ్చింది. రోడ్డు పొడవునా వేయలేనప్పుడు నిటారుగా ఎక్కే చోట్లకు, ఊరి మధ్య భాగానికి, నల్లరేగడి నేలలకు మాత్రమే గట్టి పొర వేసినా ఏడాది పొడవునా దారి తెగదు.

నిత్య నిర్వహణకు యంత్రాల కంటే మనుషులే మేలు. రోడ్డు పక్క నివసించేవారితో చిన్న సంఘాలు ఏర్పరచి, ఇన్ని కిలోమీటర్లని అప్పగించి నెలవారీ ఒప్పందం ఇచ్చే పద్ధతి 1980లలో కొలంబియాలో మొదలై, 1990లలో పెరూ గ్రామీణ రోడ్ల కార్యక్రమంలో విస్తరించింది. తూము మూసుకుపోయిన సంగతి, వంద కిలోమీటర్ల దూరంలోని కార్యాలయం కంటే, ఆ పక్క పొలంలో పనిచేసే మనిషికి ముందు తెలుస్తుంది.

ఎన్ని రోడ్లున్నాయో, ఎలా ఉన్నాయో సరైన వివరాలే లేనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

జాబితాతో మొదలుపెట్టాలి. ఏ రోడ్డు, ఎంత పొడవు, ఎంత వెడల్పు, పై పొర ఏది, ఎప్పుడు వేశారు, వంతెనలు, కల్వర్టులు ఎక్కడ ఉన్నాయి, స్థితి ఏమిటి అన్న వివరాలు ఒక మామూలు స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నా చాలు. గరుకుదనాన్ని కొలవడానికి 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగం నుంచి రూపొందిన అంతర్జాతీయ గరుకుదన సూచీ ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. కిలోమీటరు ప్రయాణంలో వాహనం మొత్తం కలిపి ఎన్ని మీటర్లు పైకీ కిందికీ ఊగుతుందన్న దాన్ని ఇది లెక్కిస్తుంది. కొత్త తారు రోడ్డుకు సుమారు రెండు దగ్గర ఉండే ఈ అంకె పెరిగే కొద్దీ ప్రయాణం దుర్భరమవుతుంది. స్మార్ట్‌ఫోన్‌ను కారులో బిగించి తీసుకునే కొలతలు ఖరీదైన లేజర్ యంత్రాలంత కచ్చితం కాకపోయినా, రోడ్లను బాగున్నవి, మధ్యస్థం, పాడైనవి అని విడదీయడానికి సరిపోతాయి.

లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ మొదటి ఏడాది తరువాత తెరవకుండా పడి ఉండటం కొత్త కాదు. నలుగురు ఉద్యోగులు ఏటా తప్పకుండా నింపే చిన్న పట్టిక దానికంటే విలువైనది.

కొత్త రోడ్డు కావాలా, వద్దా అని ఎలా తేల్చాలి?

ముందుగా అడగవలసిన ప్రశ్న: ఉన్నవాటిని నిలబెట్టాక డబ్బు మిగులుతుందా? వేసే ప్రతి కొత్త కిలోమీటరూ వచ్చే ముప్పై ఏళ్ల పాటు నిర్వహణ బాధ్యతను వెంట తెస్తుంది. ఆ ఖర్చును ప్రాజెక్టు నివేదికలోనే చూపించాలి, అది ఎవరి ఖాతాలో పడుతుందో రాయాలి. విదేశీ రుణంతో వేసే రోడ్ల విషయంలో ఇది మరీ అవసరం. రుణం నిర్మాణానికి తేలికగా దొరుకుతుంది, నిర్వహణకు దొరకదు.

తరువాతిది ప్రయోజనం లెక్క. వాహన ఖర్చు, సమయం, ప్రమాదాల్లో వచ్చే తగ్గుదలను నిర్మాణ, నిర్వహణ ఖర్చులతో పోల్చే హెచ్‌డీఎం-4 వంటి కంప్యూటర్ నమూనాలు కెన్యా, కరీబియన్ దీవులు, భారత్, బ్రెజిల్‌లలో జరిగిన పరిశోధనల నుంచి పుట్టినవి కాబట్టి, వర్ధమాన దేశాల రోడ్లకు బాగానే సరిపోతాయి. అయితే ఈ లెక్కలు వాహనాల సంఖ్య మీద ఆధారపడతాయి. దారే లేని ఊరికి వాహనాలు రావు, వాహనాలు లేవు కాబట్టి లెక్కలో ఆ ఊరికి దారి రాదు. అటువంటి చోట ఎంతమందికి ఆసుపత్రి, బడి, మార్కెట్ అందుబాటులోకి వస్తాయన్నది కొలమానం కావాలి. ఏడాది పొడవునా నడిచే రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపు ఎంత శాతం గ్రామీణులు నివసిస్తున్నారో చెప్పే సూచీని ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో చేర్చింది కూడా ఇందుకే.

రోడ్డు వెడల్పు చేస్తే నగరంలో రద్దీ తగ్గదా?

కొంతకాలం తగ్గుతుంది. దారి సుఖంగా ఉందని తెలిశాక, ఇంతకు ముందు బస్సెక్కినవారు, వేళ మార్చుకొని వెళ్లినవారు, అసలు ప్రయాణమే మానుకున్నవారు అదే దారిలోకి వస్తారు. కొన్నేళ్లకు వెడల్పైన రోడ్డు కూడా నిండిపోతుంది. వెడల్పు ఎప్పుడూ దండగ అని దీనర్థం కాదు. ఒకే చోట ఇరుకైన వంతెన వల్ల మైళ్ల కొద్దీ వాహనాలు నిలిచిపోతుంటే అక్కడ విస్తరణ అవసరమే. కాని నగరమంతటికీ అదే మందు వేస్తే ఫలితం ఉండదు.

రోడ్డు మీద వాహనాలు ఎన్ని దాటాయన్న దానికి బదులు మనుషులు ఎంతమంది దాటారని లెక్కిస్తే, బస్సుకు ప్రత్యేక దారి ఎందుకు కావాలో తెలుస్తుంది. బ్రెజిల్‌లోని కురితిబా 1974లో బస్సులకు ప్రత్యేక మార్గాలు వేసింది. కొలంబియా రాజధాని బొగోటాలో ట్రాన్స్‌మిలెనియో అనే బస్సు వ్యవస్థ 2000 డిసెంబరులో మొదలైంది. నైజీరియాలోని లాగోస్ 2008లో చవక నమూనాను అనుసరించింది, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ 2016లో ఆ వరుసలో చేరింది. వీటిలో ఏదీ లోపాలు లేనిది కాదు. ప్రయాణికులు పెరిగినంత వేగంగా బస్సులు పెరగకపోవడం తరచుగా వినిపించే ఫిర్యాదు. మరొక చిక్కు, అంతకు ముందు నుంచి ఆ దారిలో తిరిగే మినీబస్సులవారు, ఆటోలవారు. వారిని శత్రువులుగా చూసి తొలగించబోతే పథకమే ఆగిపోతుంది. కొత్త సంస్థలో వాటా ఇవ్వడమో, ప్రధాన మార్గానికి చేర్చే లోపలి దారులు అప్పగించడమో చేసిన చోట పని ముందుకు సాగింది.

రోడ్డు బాగుపడితే వేగం పెరిగి ప్రమాదాలు ఎక్కువ కావా?

అవుతాయి, తగిన ఏర్పాట్లు లేకపోతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాల్లో 11.9 లక్షల మంది చనిపోయారు. వారిలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా అల్ప, మధ్యాదాయ దేశాలవారే, సగానికి పైగా పాదచారులు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారు. కారు వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 65కు పెరిగితే, దాని ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే అవకాశం 4.5 రెట్లవుతుంది. అందువల్ల ఊరి మధ్య నుంచి వెళ్లే రోడ్డుకు కొత్త తారు వేసేటప్పుడే స్పీడ్ బ్రేకర్లు, ఎత్తైన క్రాసింగులు, నడకదారులు, బడి దగ్గర రక్షణ అదే అంచనాలో చేర్చాలి. తరువాత చూద్దామన్నవి చాలావరకు ఎవరో ఒకరు చనిపోయాకే వస్తాయి.

ఒకే రోడ్డు మీద ఇన్ని శాఖలు ఎందుకు తవ్వుతుంటాయి?

నీటి గొట్టాలు, కేబుళ్లు, మురుగు కాలువలు, విద్యుత్తు వేర్వేరు సంస్థలవి కావడం, ఒకరి కార్యక్రమం మరొకరికి తెలియకపోవడం వల్ల. తారు వేయడానికి ఆరు నెలల ముందు అన్ని సంస్థలకూ నోటీసు ఇచ్చి, వేశాక కొన్నేళ్ల వరకు అత్యవసరమైతే తప్ప తవ్వకానికి అనుమతి నిలిపివేయడం సాధారణ పరిష్కారం. తవ్వినవారి నుంచి పునరుద్ధరణ ఖర్చును ముందుగానే డిపాజిట్‌గా తీసుకోవాలి. ప్రతి రోడ్డుకూ చట్టప్రకారం ఒకే ఒక యజమాని సంస్థ ఉండాలి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత పంచుకున్న చోట, గుంత ఎవరిదో తేలేలోపు వానాకాలం అయిపోతుంది.

ప్లాస్టిక్ తారు వంటి కొత్త పదార్థాలతో సమస్య తీరుతుందా?

కొన్ని పదార్థాలు పై పొర ఆయుష్షును పెంచవచ్చు. కాలువ లేని రోడ్డును, ఓవర్‌లోడ్ లారీలు తిరిగే రోడ్డును ఏ పదార్థమూ కాపాడలేదు.

పౌరులు, స్థానిక ప్రతినిధులు ఏ వివరాలు అడగవచ్చు?

మా రోడ్డు ఎప్పుడు వేస్తారన్న ఒక్క ప్రశ్నతో ఆగకుండా, నిర్దిష్టమైన కాగితాలు అడగాలి. తమ ప్రాంత రోడ్ల జాబితా, ఒక్కొక్కదాని స్థితి, ఈ ఏడాది నిత్య నిర్వహణకు విడిగా కేటాయించిన మొత్తం, అందులో నిజంగా విడుదలైనది, రోడ్డు వేసిన కాంట్రాక్టరు పేరు, లోపాల బాధ్యతా కాలం (లోపాలను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయవలసిన గడువు) ఏ తేదీతో ముగుస్తుంది అన్నవి వాటిలో ముఖ్యమైనవి. చివరిదాన్ని చాలామంది అడగరు. ఆ గడువు ముగియడానికి రెండు మూడు నెలల ముందు, వీలైతే ఒక పెద్ద వాన కురిసిన మర్నాడు, రోడ్డు వెంట నడుచుకుంటూ వెళ్లి పగుళ్లను, కుంగిన చోట్లను, నీరు నిలిచిన అంచులను తేదీ పడేలా ఫొటోలు తీసి, కిలోమీటరు రాళ్ల ప్రకారం పట్టిక రాసి సంబంధిత ఇంజనీరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. గడువులోపు అందిన ఫిర్యాదుకు మరమ్మతు కాంట్రాక్టరు ఖర్చుతో జరుగుతుంది, ఒక్కరోజు దాటినా అది ప్రజల సొమ్ముతో చేయవలసిన పని అవుతుంది.